రెండేళ్లుగా మా బడిలో రంగుల పారాచూట్

ఆదోని దగ్గర ఒక పల్లెలో ఒకటి, రెండు తరగతులు చెప్తాను. పిల్లలు గుండ్రంగా నిలబడి పైకి, కిందికి ఊపే 12 అడుగుల రంగుల గుడ్డ, అంటే ఆటల పారాచూట్‌ను సొంత డబ్బుతో కొన్నాను. "ఇది పాఠమేనా?" అని హెడ్మాస్టరు అడిగితే, 3 నుంచి 8 ఏళ్ల పిల్లలకు ఆటతోనే చదువు చెప్పమన్న 2022 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక పత్రం చూపించాను. ఆయన మారు మాట్లాడలేదు.

దీంట్లో నాకు నచ్చిందల్లా ఒకటే. గెలుపు, ఓటమి లేవు, అందరూ పట్టుకోవాల్సిందే. "ఒక్కడు వదిలినా లేవదు" అని కాంప్లెక్స్ మీటింగులో, అంటే చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే చోట, గొప్పగా చెప్పాను కూడా.

ఆ మాట తప్పని తేల్చింది రెండో తరగతి పిల్లాడు. మా వైపు దీపావళి దాటాక చాలా కుటుంబాలు పత్తికి, మిరప కోతలకు గుంటూరు వైపు వలస పోతాయి. పిల్లలూ వెంట పోతారు. వీడు ఉగాదికి తిరిగొచ్చేసరికి ఒకటో తరగతి వాళ్లు "కొత్తోడు" అని పిలవడం మొదలుపెట్టారు. వాడు తలుపు పక్కనే కూర్చునేవాడు. పారాచూట్ తీస్తే వచ్చి అంచు పట్టుకున్నాడు, నాకు సంబరం. మూడో రోజు, "నేను ఇడిసిపెట్టినా లేస్తాది సార్" అన్నాడు. చేతులు వెనక్కి పెట్టుకుని చూపించాడు. నిజంగానే లేచింది! 17 మందిలో ఒక్కడు లేకపోతే ఏమవుతుంది?

నాకు జవాబు తోచలేదు. పక్కనున్న పిల్ల మాత్రం ఊరుకోలేదు. "నీ తావ వాలింది చూడు రా" అంది. అవును, వాడి దగ్గర అంచు వేలాడి గాలి అటే పోతోంది. అంతే, వాళ్లే ఆట మార్చేశారు. ఎవరో ఒకరు చెప్పకుండా వదలాలి, అంచు వాలగానే మిగతావాళ్లు వాళ్ల పేరు పెట్టి అరవాలి. వారం తిరక్కుండా వాడి పేరు అందరికీ వచ్చేసింది. ఆ ఆట నేను నేర్పింది కాదు, డబ్బాలోని కాగితం మీదా లేదు.

ఇక మిగతావి. పిడులు 12 ఉన్నాయి, నీలం పిడి కోసం రోజూ తగువే. మూడో నెలకే నాలుగు పిడుల కుట్లు ఊడిపోయాయి. మా ఊరి టైలరు నాడా వేసి రెండు వరసలు కుట్టాక మళ్లీ ఊడలేదు. తరగతి గదిలో ఊపాలంటే ముందు ఫ్యాను ఆపాలి, ఎందుకో చెప్పాల్సిన పని లేదు. ఎండాకాలం పది దాటితే వరండాలో కూడా కష్టమే. మొదట్లో రోజూ తీసేవాణ్ణి, ఇప్పుడు సోమవారం, శనివారమే. రోజూ అయితే పిల్లలకే విసుగు.

నాకున్నది 17 మంది కాబట్టి సరిపోయింది. ముప్పై, నలభై మంది ఉన్న తరగతికి కొనమని చెప్పడానికి ధైర్యం చాలదు. ముందు పాత నైలాన్ చీరలు కలిపి కుట్టించి చూడండి. నూలు చీరలు మాత్రం వద్దు, గాలి నిలవదు. కొనకముందు నేను చేసిన పొరపాటు అదే.