ఉచిత యూనిట్లా, సౌరఫలకాలా?

విజయవాడలో పేద ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం నెలకు 200 యూనిట్ల వరకు ఇస్తున్న ఉచిత విద్యుత్తుకు పెట్టుబడి అక్కరలేదు. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ప్రారంభించిన పీఎం సూర్యఘర్‌కు, అంటే ఇంటిపై సౌరఫలకాలు పెట్టుకునేవారికి రాయితీ ఇచ్చే పథకానికి, కులంతో నిమిత్తం లేదు గాని, సొంత ఇంటికప్పు తప్పనిసరి. కృష్ణలంకలో రేకుల గదిని అద్దెకు తీసుకున్నవారికి అది అందదు.

సూర్యఘర్ రాయితీ రెండు కిలోవాట్ల ఫలకాలకు 60,000, మూడు కిలోవాట్లకు 78,000 రూపాయలు. అయితే ఫలకాలు బిగించి, నెట్ మీటరు (గ్రిడ్‌కు పంపిన, అక్కడినుంచి తీసుకున్న విద్యుత్తును లెక్కించేది) పెట్టి, తనిఖీ ముగిశాకే ఆ సొమ్ము బ్యాంకు ఖాతాలో పడుతుంది కనుక, రోజుకూలీపై నడిచే ఇంటికి ముందుగా సమకూర్చుకోవలసిన డబ్బే అసలు అడ్డంకి, అదే నన్ను ఎక్కువగా బాధిస్తుంది.

అర్హత ఉన్నవారు ముందు ఉచిత యూనిట్లే తీసుకోవాలి. ఆ అర్హత లేక, డాబా ఉండి, మే ఎండల్లో రాత్రంతా కూలరు నడిపేవారికి బ్యాంకు రుణంతోనైనా సూర్యఘరే మేలు.