రోలర్ల మీద నాలుగుసార్లు: ఆరేళ్లుగా నడుపుతున్న పీటర్‌బిల్ట్ 379

నా బండి 2001 నాటి పీటర్‌బిల్ట్ 379 ట్రక్కు. అందులో ఉన్నది క్యాటర్‌పిల్లర్ సీ15 ఇంజన్, సీరియల్ నంబరు 6ఎన్‌జెడ్‌తో మొదలయ్యే ఒంటి టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పంకా) రకం. కంపెనీ లెక్కలో 550 హార్స్‌పవర్, 1,850 పౌండ్-అడుగుల టార్క్, అంటే తిప్పే బలం. గేర్‌బాక్స్ ఈటన్ ఫుల్లర్ వారి 18 గేర్లది. టెక్సాస్ నుంచి కొలరాడో, యూటా వైపు ఉక్కు, యంత్రాలు మోస్తూ ఆరేళ్లలో 5,40,000 మైళ్లు నడిపాను. ఈ కాలంలో బండిని నాలుగుసార్లు డైనో మీదికి, అంటే శక్తిని కొలిచే యంత్రం మీదికి ఎక్కించాను. అందులో మూడోసారి పోటీలో.

డైనో మీద వెనుక చక్రాలు ఉక్కు రోలర్లపై తిరుగుతాయి. బండి ముందుకు దూకకుండా గొలుసులతో నేలకు బిగిస్తారు. రోలర్లకు బ్రేకు వేసినట్టు ఎదురు బలం పెంచుతూ, ఆ బలాన్ని ఇంజన్ ఎంతవరకు తట్టుకుని లాగుతుందో కొలుస్తారు. ఈ గేర్‌బాక్సులో 16వ గేరు సూటి గేరు, అంటే ఇంజన్ ఎన్ని చుట్లు తిరిగితే బయటి షాఫ్టు కూడా అన్నే చుట్లు తిరుగుతుంది కాబట్టి పరీక్ష ఆ గేరులోనే చేయిస్తాను. మొదటిసారి 458 హార్స్‌పవర్ వచ్చింది. 550 అని చెప్పి అమ్మిన బండికి ఇంతేనా అని నేను కూడా దిగాలుపడ్డాను కానీ, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్, టైర్లు కలిసి 15 నుంచి 20 శాతం మింగేస్తాయి. చక్రం దగ్గర 458 అంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టే.

రెండోసారి, లక్షన్నర మైళ్ల తరువాత, 419కి పడిపోయింది. రోడ్డు మీద నాకు తేడా తెలియనే లేదు, ఎందుకంటే బండి నెమ్మదిగా నీరసిస్తుంటే మన కాలు కూడా నెమ్మదిగా అలవాటు పడుతుంది. వెతికితే టర్బో గాలిని చల్లార్చే కూలరులో సన్నని పగులు కనిపించింది. డైనో నాకు చేసిన అసలు మేలు ఇదే అని ఈనాటికీ అనుకుంటాను.

ఆ తరువాత పెద్ద టర్బో, కొత్త ఇంజెక్టర్లు, కొత్త ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, కొత్త ట్యూనింగ్ చేయించి, డైనో మీద ఎవరి బండి ఎక్కువ హార్స్‌పవర్ చూపిస్తుందో తేల్చే పోటీకి తీసుకెళ్లాను. అక్కడ వెయ్యి దాటాలని వచ్చినవాళ్లు ఉన్నారు. నా వంతు వచ్చినప్పుడు ఆపరేటర్ వేలు పైకెత్తాడు, నేను యాక్సిలరేటర్ నిండా తొక్కాను. ఆర్‌పీఎం, అంటే ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు, 1,900 దాకా వెళ్లింది. అక్కడి నుంచి రోలర్లు బిగుస్తుంటే సీటు కింద నేల అదిరింది, రబ్బరు వాసన క్యాబిన్‌లోకి వచ్చింది. నా కళ్లు మాత్రం ఎగ్జాస్ట్ వేడి చూపే ముల్లు మీదే ఉన్నాయి. 1,150 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఉన్న ముల్లు పది సెకన్లలో 1,380 తాకింది. అంతలో టైరు పేలినట్టు ఒక శబ్దం, వెంటనే రెండు పొగగొట్టాల నుంచీ నల్లటి పొగ. గాలి గొట్టాన్ని పట్టి ఉంచే క్లాంపు జారిపోయింది. దాన్ని బిగించింది డబ్బు తీసుకుని పని చేసిన షాపువాళ్లే. ఆ రోజు నాకు కలిగిన కోపం చిన్నది కాదు, ఎందుకంటే అదే గొట్టం కొండ మీద 80,000 పౌండ్ల బరువుతో ఊడి ఉంటే నా వెనుక వచ్చేవాళ్లకు ఆ పొగలో దారి కనిపించేది కాదు.

క్లాంపు మార్చి అక్కడే మళ్లీ లాగిస్తే 1,700 ఆర్‌పీఎం దగ్గర 662 వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు, నాకూ సంతోషమే. రాత్రి లెక్క వేసుకున్నాను. హార్స్‌పవర్‌ను 5,252తో గుణించి ఆర్‌పీఎంతో భాగిస్తే టార్క్ వస్తుంది, అంటే చక్రం దగ్గరే 2,045 పౌండ్-అడుగులు. నా గేర్‌బాక్స్ తట్టుకుంటుందని కంపెనీ రాసిచ్చింది 1,850. క్లచ్, షాఫ్టు, డిఫరెన్షియల్ ఎన్నాళ్లు ఆగుతాయి? పైగా ఆ వేడిలో కొండంతా ఎక్కితే పిస్టన్లు మిగలవు.

అందుకే ట్యూనింగ్ తగ్గించి నాలుగోసారి చూపించాను: చక్రం దగ్గర 540. గేర్‌బాక్సుకు ఇదీ కాస్త ఎక్కువే కాబట్టి కింది గేర్లలో నిండా తొక్కను. మన ఊళ్లలో లారీవాళ్లు 'లాగుడు' అనే గుణం ఇప్పుడు నిజంగా ఉంది. ఐ-70 హైవే మీద డెన్వర్ నుంచి 11,158 అడుగుల ఎత్తులో ఉన్న ఐసన్‌హవర్ సొరంగానికి ఎక్కేటప్పుడు నిండు లోడుతో వేగం గంటకు 28 మైళ్లకు పడిపోయేది, ఇప్పుడు 33 దగ్గర నిలుస్తోంది, వేడి 1,200 దాటడం లేదు. మైలేజీ గాలనుకు 5.4 నుంచి 5.7కు పెరిగింది. తేడా 0.3 మైలే అయినా ఏడాది డీజిల్ బిల్లులో బాగా తెలుస్తుంది.

ఈ ఇంజన్ కొనాలనుకునేవారు ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. 2023 నుంచి కాలిఫోర్నియాలో 2010కి ముందు ఇంజన్లున్న పెద్ద ట్రక్కులను, కొద్ది మినహాయింపులు తప్ప, తిరగనివ్వడం లేదు; ఆ వైపు లోడ్లు నేను వదులుకున్నాను. అమ్మేవాడు డైనో కాగితం చూపిస్తే పైన ఉన్న పెద్ద అంకె దగ్గర ఆగకుండా, 1,200 నుంచి 1,500 ఆర్‌పీఎం మధ్య టార్క్ గీత ఎలా ఉందో చూడండి. కొండ మీద బండి ఎక్కువసేపు ఉండేది అక్కడే. పోటీనాటి నా కాగితంలో ఆ గీత 1,500 దాకా చతికిలబడి, ఆ తరువాతే ఒక్కసారిగా లేచింది.