ఉబుంటు 24.04: బీటా రోజుల నుంచి వాడుతున్నాను

విండోస్‌కి బదులు వాడుకునే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటు. దాని 24.04 కూర్పు బీటా, అంటే ఫైనల్‌కి ముందు పరీక్షకి ఇచ్చేది, 2024 ఏప్రిల్ 4న రావాల్సింది, 11న వచ్చింది. నిజానికి ఆ ఆలస్యం చూశాకే దాని మీద నాకు గురి కుదిరింది. మార్చి చివర్లో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరో దొంగదారి పెట్టిన సంగతి బయటపడింది. ఎస్‌ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేమిటా అని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వుకుంటూ పోతే దొరికిందది. ఆ కోడ్ చేరిన ఫిబ్రవరి 26 తర్వాత తయారైన ప్యాకేజీలన్నిటినీ ఉబుంటు వాళ్లు పక్కన పడేసి మళ్లీ మొదటి నుంచి తయారుచేశారు. తేదీ కోసం హడావుడి పడలేదు.

నేను ఎక్కించింది పాత లాప్‌టాప్‌లో. ఇన్‌స్టాల్ చేయడానికి దింపుకునే ఐఎస్‌ఓ ఫైలు 5 జీబీ పైమాటే కాబట్టి 8 జీబీ పెన్‌డ్రైవ్ కావాలి. కొత్త ఇన్‌స్టాలర్ చూడ్డానికి బాగుంది, అడిగే ప్రశ్నలూ తేలిగ్గా ఉన్నాయి. ఒక్కటి గమనించాలి: ‘డిఫాల్ట్’ అని ఉన్నదాన్ని అలాగే వదిలేస్తే బ్రౌజర్, నాలుగు చిన్న అప్లికేషన్లు తప్ప లిబ్రేఆఫీస్ (ఎంఎస్ ఆఫీస్ లాంటిది) రాదు. అది కావాలంటే ‘ఎక్స్‌టెండెడ్’ ఎంచుకోవాలి. కొత్తగా వచ్చేవాళ్లు ఇక్కడే తికమకపడతారు.

అసలు చిరాకు సాఫ్ట్‌వేర్లు ఎక్కించుకునే యాప్ సెంటర్‌తో. డెబ్ ఫైలు (ఉబుంటులో సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ) డౌన్‌లోడ్ చేసి డబుల్ క్లిక్ కొడితే ఇన్‌స్టాల్ అయ్యేది కాదు! కమాండ్లు టైప్ చేసే టెర్మినల్ తెరవాల్సి వచ్చేది. ‘అందరికీ సులువు’ అని చెప్పుకునే సిస్టమ్‌లో ఇదేం పద్ధతో అర్థం కాలేదు. ఫైనల్‌లోనూ అలాగే వదిలేసి, తర్వాతెప్పుడో అప్‌డేట్‌లో సరిచేశారు.

తెలుగు మాత్రం మొదటి రోజు నుంచీ ఇబ్బంది పెట్టలేదు. సెట్టింగ్స్‌లో కీబోర్డ్ కింద తెలుగు కలుపుకుంటే ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డ్ అమరిక వస్తుంది. సూపర్ (విండోస్ గుర్తున్న మీట), స్పేస్ కలిపి నొక్కితే ఇంగ్లిష్‌కి మారుతుంది. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ పద్ధతి అలవాటున్నవాళ్లు ఐబస్ ఎం17ఎన్ (ibus-m17n) ప్యాకేజీ వేసుకుని, ఒకసారి లాగౌట్ అయి రావాలి. ‘లక్ష్మి’ అని కొట్టి బ్యాక్‌స్పేస్ నొక్కితే గుడి ఒక్కటే పోయి ‘లక్ష్మ’ మిగులుతుంది, అక్షరం మొత్తం ఎగిరిపోదు. రోజంతా తెలుగు టైప్ చేసేవాళ్లకి ఇది చిన్న సుఖమేం కాదు.

బీటా అన్నాక అప్‌డేట్లు ఏరోజుకారోజు వచ్చిపడతాయి. కెర్నెల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం), డెస్క్‌టాప్ ప్యాకేజీలు ఒకేసారి వచ్చాయంటే ఫోన్ హాట్‌స్పాట్‌లో ఆ రోజు డేటా అయిపోయినట్టే. ఇంట్లో వైఫై లేనివాళ్లు దీని జోలికి పోకపోవడం మంచిది. ఏదైనా అప్లికేషన్ మొండికేస్తే టెర్మినల్‌లో ‘ఉబుంటు-బగ్’ (ubuntu-bug) అని కొట్టి, పక్కన ప్యాకేజీ పేరు ఇస్తే చాలు. ఏం జరిగిందో రాసుకున్న లాగ్‌లన్నీ అదే పోగేసి, ఉబుంటు లోపాలు నమోదు చేసే లాంచ్‌ప్యాడ్ సైటుకి పంపుతుంది. ఆ ఓపిక లేకపోతే బీటా ఎక్కించి లాభం లేదు.

ఏప్రిల్ 25న ఫైనల్ వచ్చినప్పుడు నేను ప్రత్యేకంగా చేసిందేమీ లేదు. మామూలు అప్‌డేట్లతోనే బీటా కాస్తా ఫైనల్ అయిపోయింది. 2022లో వచ్చిన 22.04లోనే ఉండి ఆగినవాళ్లకే తిప్పలు: వాళ్లు మారడానికి ఎదురుచూసే మొదటి సవరణ కూర్పు 24.04.1 ఆగస్టు 29న గానీ రాలేదు, అప్‌గ్రేడ్ తెరిచినట్టే తెరిచి ఏదో లోపం బయటపడిందని కొన్నాళ్లు ఆపేశారు.

ఇంత చెప్పినా మా నాన్నగారి డెస్క్‌టాప్‌ని మాత్రం నేను కదపలేదు. దాంట్లో 22.04 ఉంది, 2027 ఏప్రిల్ దాకా అప్‌డేట్లు వస్తాయి. ఆయనకి కావాల్సింది పేపర్ చదవడం, పెన్షన్ కాగితాలు ప్రింట్ తీసుకోవడం.