లెట్రోజోల్, క్లోమిఫీన్: పీసీఓఎస్‌లో అండం విడుదలకు ఏది మేలు?

పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని సమస్య) ఉండి గర్భం కోసం ఎదురుచూస్తున్న స్త్రీకి, అండం విడుదల కావడానికి ఐదు రోజులపాటు వేసుకోమని వైద్యులు రాసే మాత్ర సాధారణంగా ఈ రెండింటిలో ఒకటి. క్లోమిఫీన్ ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ పనిని అడ్డుకుంటుంది. అయితే అది ఒంట్లో చాలా రోజులు నిలిచి ఉండటంతో, అండం చక్కగా విడుదలైనా కొందరిలో గర్భాశయపు లోపలి పొర పలచబడుతుంది. లెట్రోజోల్ ఈస్ట్రోజెన్ తయారీనే కొద్దికాలం తగ్గించి త్వరగా వెళ్లిపోతుంది కాబట్టి ఆ పొరకు అంత ఇబ్బంది ఉండదు. అమెరికాలో 750 మందిపై జరిపి 2014లో ప్రచురించిన అధ్యయనంలో బిడ్డను కన్నవారు లెట్రోజోల్‌తో 27.5 శాతం, క్లోమిఫీన్‌తో 19.1 శాతం. అందుకే ముందుగా లెట్రోజోల్ గురించే వైద్యులను అడగమంటాను. లెట్రోజోల్ పెట్టెలోని కాగితంపై రొమ్ము క్యాన్సర్ అన్న మాట చూసి, మాత్ర చేతిలోనే పట్టుకుని ఆగిపోయేవారున్నారు. ఆ జబ్బు చికిత్సకూ ఇదే మందు వాడతారు కాబట్టి అలా రాస్తారు; ఆ మాటకు బెదరనక్కర్లేదు, కానీ గర్భం లేదని నిర్ధారించుకున్నాకే మొదలుపెట్టాలి. కవలల అవకాశం రెండింటితోనూ కొంత ఉంటుంది.