సైన్సు టూరా, టింకరింగ్ ల్యాబా, ఊళ్లోనే ప్రాజెక్టా: మన పిల్లలకు ఏది మేలు?

దసరా సెలవులు అయి బడి తెరవగానే మా స్టాఫ్ రూములో ప్రతి ఏడూ ఈ మాట వస్తుంది. ఈసారి పిల్లల్ని సైన్సు టూరుకు తీసుకెళదామా, లేక ఇంకేమైనా చేయిద్దామా? నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. మాకున్న డబ్బు, ఓపిక ఏడాదికి ఒక పెద్ద పనికే సరిపోతాయి. అందుకే ఏ అవకాశం వచ్చినా రెండు ప్రశ్నలు వేసుకుంటాను. ఎంతమంది పిల్లల చెయ్యి పడుతుంది? పట్టిన ఆసక్తి ఎన్నాళ్లు నిలుస్తుంది?

ముందు టూరు సంగతి. హైదరాబాద్ వెళ్లగలిగిన వాళ్లకు నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటోరియం, పక్కనే సైన్సు మ్యూజియం ఉన్నాయి. ప్లానెటోరియం 1985 నుంచి నడుస్తోంది, తెలుగులోనూ షో వేస్తారు. చిత్తూరు, నెల్లూరు, కడప వైపు వాళ్లకు తిరుపతి అలిపిరి రోడ్డులోని ప్రాంతీయ సైన్సు కేంద్రం దగ్గర. బిర్లాకు వెళితే మాత్రం డైనోసార్ అస్థిపంజరం దగ్గర పిల్లల్ని తొందరపెట్టకండి. గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర తవ్వి తీసిన ఎముకలతో దాన్ని నిలబెట్టారు. 1988లో శాస్త్రవేత్త యాదగిరి దానికి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. మన ఊరి పేరు డైనోసార్‌కు ఉందని చెప్పినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి. దాని పుర్రె దొరకలేదు. "మరి తల ఇలాగే ఉంటుందని ఎలా తెలిసింది మేడం?" అని మా పిల్లాడొకడు అడిగాడు. ఆ ఒక్క ప్రశ్న కోసం బస్సు కిరాయి పెట్టొచ్చనిపించింది.

ప్లానెటోరియంలో లైట్లు ఆరి గుమ్మటం మీద చుక్కలు పొడవగానే పక్క సీటులోని ఏడో తరగతి పిల్ల నా చెయ్యి పట్టుకుంది. కృత్తికలు చూపించినప్పుడు చెవిలో అడిగింది: "మా నాయనమ్మ పిల్లలకోడి అంటుంది, ఇదేనా?" అదే. ఆ వారమంతా వాళ్ల డాబా మీద నాయనమ్మా మనవరాలూ కలిసి ఆకాశం చూశారట.

టూరులో లోటు కూడా అంతే పెద్దది. బస్సులో పట్టేది యాభై మంది. డబ్బు కట్టలేని వాళ్లు ముందే ఆగిపోతారు, నిజానికి తీసుకెళ్లాల్సింది వాళ్లనే. రోజులో సగం పైన రోడ్డు మీదే గడుస్తుంది. మ్యూజియంలో పిల్లలు మీటలు నొక్కి పక్కదానికి పరుగెత్తుతారు. బయల్దేరే ముందే ఒక్కొక్కరికి ఒక్కో ప్రశ్న ఇచ్చి, దాని జవాబు వెతుక్కుని రమ్మంటే ఈ లోటు కొంత తీరుతుంది. శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం చూపించాలని చాలామందికి ఉంటుంది, నాకూ ఉంది. కానీ 2019 జులై 15న చంద్రయాన్-2 ప్రయోగాన్ని ఇంకా 56 నిమిషాలు ఉందనగా ఆపేశారు, మళ్లీ 22న ప్రయోగించారు. దూరం నుంచి పిల్లల్ని తీసుకొచ్చే టీచరు ఆ టెన్షన్ కూడా లెక్కలో వేసుకోవాలి.

అటల్ టింకరింగ్ ల్యాబ్ మాట వేరు. 2016లో నీతి ఆయోగ్ మొదలుపెట్టిన ఈ పథకంలో ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల వరకు వస్తుంది. త్రీడీ ప్రింటర్, ఆర్డ్యునో బోర్డులు (ప్రోగ్రాం రాసి నడిపించే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డులు), సెన్సర్లు ఉంటాయి. ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లలు వాడుకోవచ్చు. నేను చూసిన ఒక బడిలో ఆ గదికి తాళం వేసి ఉంది. ఏదైనా పాడైతే ఎవరు జవాబు చెప్పాలన్న భయంతో అట్టపెట్టెలు కూడా విప్పలేదు. ఇంకో బడిలో వారానికి రెండు పీరియడ్లు టైంటేబుల్లోనే రాసి పెట్టారు. అక్కడ ఇద్దరు అమ్మాయిలు పూలకుండీలో తేమ సెన్సర్ గుచ్చి, మట్టి ఎండితే బల్బు వెలిగేలా చేస్తున్నారు. మొదట బల్బు తడి మట్టికి వెలిగింది, ప్రోగ్రాం తిరగరాసి మళ్లీ చూశారు. రెండు బడుల్లోనూ సామాను ఒకటే. ల్యాబ్‌కు దరఖాస్తు చేసే హెడ్మాస్టర్లు ముందు ఆ రెండు పీరియడ్లు ఎక్కడి నుంచి తీస్తారో రాసుకోవాలి.

బడిపిల్లల కొత్త ఆలోచనలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఇన్‌స్పైర్ మనక్ అవార్డులకు బడి నుంచి ఐదుగురు పిల్లల ఆలోచనలు పంపొచ్చు. ఎంపికైతే విద్యార్థి బ్యాంకు ఖాతాలో నేరుగా 10 వేలు పడతాయి. కూలి పనికి వెళ్లే ఇంటి పిల్లకు తన పేరు మీద ఆ డబ్బు రావడం చిన్న విషయం కాదు. నా బాధల్లా యూట్యూబులో చూసిన నమూనానే దింపేసి పంపడం మీద. సిరంజిలతో చేసిన జేసీబీ ఎన్నిసార్లు చూశానో! అంతరిక్ష విజ్ఞానం నేర్పే ఇస్రో యువికా శిబిరం తొమ్మిదో తరగతి పిల్లలకు బంగారం లాంటిది, గ్రామీణ బడుల పిల్లలకు ఎంపికలో అదనపు మార్కులు కూడా ఉంటాయి. కాకపోతే చేరగలిగేది కొద్దిమందే. దరఖాస్తు పెట్టించండి, బడి మొత్తానికి అదే ప్లాను అనుకోవద్దు.

నా ఓటు జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ తరహా ప్రాజెక్టుకు. 1993 నుంచి జరుగుతున్న ఈ కార్యక్రమంలో పదేళ్ల నుంచి పదిహేడేళ్ల లోపు పిల్లలు తమ ఊరి సమస్య ఒకటి తీసుకుని కొలతలు తీసి, తెలుగులోనే రాసి చెప్పొచ్చు. ఖర్చు నోటుపుస్తకం అంత.

మా బడి అమ్మాయిలిద్దరు ఈ ప్రాజెక్టు కోసం రేకుల ఇల్లు, పెంకుటిల్లు, డాబా ఇల్లు తీసుకుని మధ్యాహ్నం రెండింటికి లోపల ఎంత వేడి ఉంటుందో కొలవాలనుకున్నారు. ల్యాబ్‌లో నుంచి మూడు థర్మామీటర్లు ఇచ్చాను. నాలుగో రోజు పరుగెత్తుకొచ్చారు. పెంకుటింట్లో రేకుల ఇంటికన్నా ఎక్కువ చూపిస్తోందట. నేను జవాబు చెప్పేయబోయి ఆగాను. మూడింటినీ ఒకే బకెట్ నీళ్లలో పెట్టి చూడమన్నాను. అవే నీళ్లు, ఒకటి మాత్రం రెండు గీతలు ఎక్కువ చూపించింది. "అయితే మనం రాసిందంతా తప్పేనా మేడం?" అని ఒకమ్మాయి కళ్లలో నీళ్లు. రెండో అమ్మాయి అప్పటికే పెన్సిల్ తీసి, ఆ థర్మామీటర్ అంకెల్లో నుంచి రెండేసి గీతలు తీసేస్తోంది. పెంకుటింట్లో థర్మామీటర్ తగిలించిన మేకు పొయ్యి వెనక గోడకు ఉందని మరుసటి రోజు వాళ్లే కనిపెట్టారు. మళ్లీ మొదటి నుంచి నెల రోజులు కొలిచారు. జిల్లా దాటి ఎంపిక కాలేదు. కానీ పరికరం చెప్పిన అంకెను కూడా ప్రశ్నించాలని వాళ్లకు తెలిసింది. ఇరవై ఏళ్లుగా కొలతల్లో "దోషాలు" పాఠం చెబుతున్న నాకు కూడా అది అలా చెప్పాలని ఆ రోజే తెలిసింది.

టీచర్లకు ఇంకో దారి ఉంది. చేతులతో చేసి చూపిస్తూ సైన్సు నేర్పే స్వచ్ఛంద సంస్థ, 1999లో మొదలైన అగస్త్య ఫౌండేషన్ వాళ్లకు కుప్పం దగ్గర 172 ఎకరాల క్యాంపస్ ఉంది, ఊళ్లకు సంచార ల్యాబులు కూడా వస్తాయి. మీ మండలానికి వ్యాన్ వస్తే పిల్లలతో పాటు మీరూ కూర్చోండి. తక్కువ ఖర్చుతో చేసిన నమూనాలు చూసి రాసుకుంటే ఏడాదంతా పనికొస్తాయి.

నన్నడిగితే ఆరు, ఏడు తరగతులకు రెండేళ్లకోసారి టూరు, ఎనిమిది, తొమ్మిదికి ప్రతి ఏడూ ప్రాజెక్టు. ల్యాబ్ ఉన్న బడిలో అయితే ఆ ప్రాజెక్టు ల్యాబ్‌లోనే సాగాలి. ఈసారి ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు ఎర్రకుండలో నీళ్లు ఎక్కువ చల్లబడతాయా, నల్లకుండలోనా అని అడుగుతున్నాడు. వాడికి జతగా ఇంకొకరిని వెతుకుతున్నాం. బకెట్, మూడు థర్మామీటర్లు బీరువా పై అరలో నుంచి దించి పెట్టాను.