నంబర్ లాక్ ఉన్న ట్రాలీ బ్యాగు: డల్లాస్ వెళ్లొచ్చాక చెబుతున్నాను

ఈ బ్యాగులో నాకు అన్నిటికన్నా నచ్చింది దాని నంబర్ లాకు. అమ్మాయి పురిటికి డల్లాస్ వెళ్లాలని రాజమండ్రిలో కొన్నాం. 28 అంగుళాల హార్డ్ ట్రాలీ, పక్కన మూడంకెల లాకు బిగించే వస్తుంది. చక్రాలు బాగానే తిరుగుతున్నాయి, హ్యాండిల్ కొంచెం ఊగుతుంది. వాటి గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు.

లాకు మీద నంబర్ల పక్కన ఒక తాళంచెవి రంధ్రం, చిన్న ఎర్ర డైమండ్ గుర్తు ఉంటాయి. తాళంచెవి మాత్రం మనకివ్వరు. మావారు షాపతన్ని రెండుసార్లు అడిగారు కూడా. అది అమెరికా ఎయిర్‌పోర్టు తనిఖీవాళ్ల కోసం. వాళ్ల దగ్గరున్న మాస్టర్ తాళంచెవితో తెరిచి, చూసి, మళ్లీ వేసేస్తారు. అలాంటి లాకు కాకపోతే పగలగొట్టి తెరిచే హక్కు వాళ్లకుంది. మేం తిరిగొచ్చేటప్పుడు ఒక బ్యాగు తెరిచారు. ఇంటికొచ్చి చూస్తే బట్టల మీద ‘మీ సామాను తనిఖీ చేశాం’ అని అచ్చువేసిన కాగితం ఉంది. లాకు మీద గీత కూడా పడలేదు, నా నంబరు మారలేదు.

నంబరు పెట్టుకోవడం తేలికే. కాకపోతే బ్యాగుతో ఇచ్చే కాగితంలో అక్షరాలు చీమల్లా ఉన్నాయి. నేను చేసింది ఇదీ. జిప్పు తెరిచే ఉంచి, అంకెలు మూడూ 0-0-0 మీద ఉన్నాయని చూసుకున్నాను, కొత్త లాకుకు అదే నంబరు. పక్కనున్న చిన్న బొత్తాన్ని పెన్ను మొనతో టిక్కుమనేదాకా నొక్కితే లోపలికి వెళ్లి అక్కడే ఆగింది. అప్పుడు నాకు కావలసిన అంకెలు తిప్పుకుని, లాకు తెరిచే మీటను బాణం గుర్తు వైపు జరిపితే ఆ బొత్తాం మళ్లీ పైకొచ్చింది. అది పైకొస్తేనే నంబరు ఖాయమైనట్టు. అన్నట్టు, అంకెలు తిప్పుతుండగా ఆ మీట ముట్టుకోకూడదు. ముట్టుకుంటే అప్పుడు ఏ అంకె ఉందో అదే నంబరైపోతుంది. బొత్తాం పైకి రాకముందే లాకును ఫోనుతో ఒక ఫొటో తీసుకుంటే మంచిది. ఆ తర్వాత బ్యాగు తెరిచి ఉండగానే రెండు మూడుసార్లు వేసి తీసి చూడండి. జిప్పు కొక్కేలు లాకులో పెట్టాక అంకెలు చెదరగొట్టాలి, లేకపోతే వేసినా వేయనట్టే.

మూడంకెలంటే 000 నుంచి 999 దాకా మొత్తం వెయ్యి నంబర్లు. మర్చిపోయినా వరసగా తిప్పుకుంటూ పోతే గంటలోపు దొరుకుతుంది. తీరిగ్గా కూర్చున్న దొంగకైనా అంతే. అందుకే బంగారం, పాస్‌పోర్టు ఈ బ్యాగులో పెట్టవద్దు. పైగా 2015లోనే ఆ మాస్టర్ తాళంచెవుల ఫొటోలు చూసి 3డి ప్రింటర్ మీద నకళ్లు తీసినవాళ్లున్నారు. జిప్పు సంగతీ తెలుసుకోండి. బాల్‌పెన్ను మొనతో పొడిస్తే పళ్లు విడిపోతాయి. విడిగా వేలాడే తాళమైతే రెండు రన్నర్లనూ (జిప్పు లాగే కొక్కేలను) కలిపి అటూ ఇటూ లాగితే జిప్పు మళ్లీ మూసుకుంటుంది, తెరిచినట్టే తెలియదు. ఇందులో రన్నర్లు లాకులో ఇరుక్కుని కదలవు గనుక అలా మూయడం కుదరదు. బిగించి వచ్చే లాకు కొనమని నేను చెప్పడానికి ముఖ్య కారణం ఇదే.

ఇంకో మాట, పెద్దవాళ్లను పంపించే పిల్లలకు. నంబరు ప్రయాణం చేసే మనిషి చేతే పెట్టించండి. శంషాబాద్‌లో మా ముందున్న ఒక పెద్దావిడను పక్కకు పిలిచి బ్యాగు తెరవమన్నారు. లోపల ఎండుకొబ్బరి ఉందట. 2022 నుంచి విమానంలో వేసే లగేజీలో ఎండుకొబ్బరి పెట్టనివ్వడం లేదు, నూనె ఉంటుంది కాబట్టి నిప్పంటుకుంటుందని. కొబ్బరి తీసేస్తే అయిపోయేది. కానీ లాకు నంబరు కొడుక్కే తెలుసు, అతనున్న చోట అర్ధరాత్రి, ఫోను ఎత్తడం లేదు. ఆవిడ చేతులు వణకడం చూస్తే నాకే కడుపులో తిప్పేసింది. కొడుకు ఫోనెత్తేసరికి బోర్డింగ్ మొదలైంది.

లోటంటే ఒకటే, అంకెలు మరీ చిన్నవి. నల్ల ప్లాస్టిక్ మీద సన్నటి తెల్ల గీతల్లా ఉన్నాయి, కళ్లజోడున్నా ట్యూబ్‌లైటు కింద 6కీ 8కీ తేడా తెలియడం కష్టం. కొనేముందు షాపులోనే మీ చేత్తో తిప్పి చూడండి, అంకె అంకెకూ టక్కున ఆగాలి, వదులుగా జారిపోతుంటే తీసుకోవద్దు. వచ్చే ఏడాది మావారితో కలిసి మళ్లీ వెళ్లాలి. అప్పుడు ఇదే రకం, కాస్త పెద్ద అంకెలది చూసి తీసుకుంటాను. బ్యాగుకు అయిదుకు నాలుగు, లాకు ఒక్కదానికైతే నాలుగున్నర.