ఇంటిపేరు, మైళ్ళు, లాంజ్: తొమ్మిదేళ్ళ వాడకం తర్వాత

మా పెదనాన్నగారి మనవడికి ఈమధ్యే ఉద్యోగం వచ్చింది. మూడు నెలలకొకసారి సింగపూర్ వెళ్ళి రావాలట. మొదటి టికెట్ చేతికి రాగానే ఫోన్ చేశాడు. "అత్తా, ఈ మైళ్ళంటే ఏమిటి? వాటితో నిజంగా టికెట్ వస్తుందా? లాంజ్‌లోకి ఎవరినైనా రానిస్తారా?" అంటూ గుక్క తిప్పుకోకుండా అడిగాడు. మైళ్ళంటే విమానం ఎక్కినందుకు మన ఖాతాలో పడే పాయింట్లు, లాంజ్ అంటే విమానాశ్రయంలో తిండి, మెత్తటి కుర్చీలు ఉండే విశ్రాంతి గది. వాడికి గంటసేపు చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను. నేను మందుల తయారీ సంస్థలో నాణ్యత తనిఖీ విభాగంలో పనిచేస్తాను. ఏడాదికి నాలుగైదు విదేశీ ప్రయాణాలు, నెలకు ఒకటో రెండో ఢిల్లీ, అహ్మదాబాద్ ప్రయాణాలు తప్పవు. 2016 నుంచి సింగపూర్ ఎయిర్‌లైన్స్ వారి క్రిస్‌ఫ్లయర్ అనే మైళ్ళ పథకం సభ్యత్వం వాడుతున్నాను. దానికి ముందు మరో పథకంలో ఉండేదాన్ని.

అన్నిటికంటే ముందు పేరు గురించి చెప్పాలి. ఎక్కడ ఏ సలహా చదివినా ఇది కనిపించదు. మన తెలుగువాళ్ళకు మాత్రం మొదటి దెబ్బ ఇక్కడే తగులుతుంది.

మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, అదీ ఒక్క పొడి అక్షరంగా. బడి ధ్రువపత్రంలో ఒక తీరు, పాన్ కార్డులో మరో తీరు, పాస్‌పోర్టులో ఇంకో తీరు. నేను మొదటి పథకంలో చేరినప్పుడు ఆఫీసు గుర్తింపు కార్డు చూసి, ఇంటిపేరు దగ్గర ఒక్క అక్షరం కొట్టి వదిలేశాను. టికెట్ మాత్రం పాస్‌పోర్టు ప్రకారం పూర్తి ఇంటిపేరుతో వచ్చింది. 2014లో ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్ళి వచ్చాక రెండు వారాలు చూశాను, ఖాతాలో ఒక్క మైలు కూడా పడలేదు. అడిగితే టికెట్ మీది పేరు, సభ్యత్వంలోని పేరు ఒకటి కావన్నారు. బోర్డింగ్ పాసులు పంపమన్నారు. అవి పర్సులోనే ఉన్నాయి కదా అని తీసి చూస్తే, మే నెల ఎండకు అక్షరాలన్నీ ఆవిరైపోయి బూడిదరంగు ముక్కలు మిగిలాయి. బోర్డింగ్ పాస్ అచ్చు వేసేది వేడికి నల్లబడే కాగితం మీద. వేడికే అది చెడిపోతుంది కూడా. ఒక ముక్క మీద మాత్రం టికెట్ సంఖ్య వెలుతురుకు అడ్డంగా పట్టి చూస్తే లీలగా కనిపించింది. దాన్ని, పాస్‌పోర్టు ప్రతిని పంపి, ఆరు వారాలు ఉత్తరాలు రాస్తే చివరికి సగం ప్రయాణానికి మైళ్ళు వేశారు. మిగతా సగం పోయింది.

అందుకే ఇప్పుడు సీట్లో కూర్చోగానే బోర్డింగ్ పాస్‌కు ఫోన్‌తో ఫోటో తీస్తాను. మైళ్ళు ఖాతాలో పడేదాకా ఆ ఫోటో చెరపను. చాలా పథకాలు పడని మైళ్ళను ప్రయాణం చేసిన ఆరు నెలల్లోపు అడగనిస్తాయి, ఆ తర్వాత వినరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారికి ఇబ్బంది ఇంకా ఎక్కువ. అలాంటివారి అమెరికా వీసాలో ఉన్న పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్ళిపోతుంది, అసలు పేరు స్థానంలో ఎఫ్.ఎన్.యు (అసలు పేరు తెలియదని అర్థం) అనే మూడక్షరాలు వచ్చి కూర్చుంటాయి. ఏజెంటు టికెట్ ఒకలా కొడతాడు, సభ్యత్వం ఇంకోలా ఉంటుంది. పాస్‌పోర్టు ఎదురుగా పెట్టుకుని, అందులో ఏ గడిలో ఏముందో అక్షరం అక్షరం చూసి సభ్యత్వం తీసుకోవాలి. టికెట్ కొనేటప్పుడే సభ్యత్వ సంఖ్య ఇవ్వాలి. ఒక ప్రయాణానికి ఒక్క పథకంలోనే మైళ్ళు పడతాయి, రెండు చోట్లా రావు.

ఇక మైలంటే ఏమిటన్న ప్రశ్న. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన పథకం మొదలుపెట్టినప్పుడు ఎగిరిన దూరమే లెక్క, ఆ పేరే నిలిచిపోయింది. ఇప్పుడు చాలా సంస్థలు దూరం వదిలేసి టికెట్‌కు పెట్టిన డబ్బునే చూస్తున్నాయి. ఎయిర్ ఇండియా కూడా 2024లో ఆ దారికే వెళ్ళింది. క్రిస్‌ఫ్లయర్ సొంత విమానాల్లో దూరాన్ని, టికెట్ రకాన్ని కలిపి చూస్తుంది. అన్నిటికంటే చౌక టికెట్‌కు దూరంలో సగమే మైళ్ళు. హైదరాబాద్ నుంచి సింగపూర్ సుమారు 3,300 కిలోమీటర్లు, అంటే రెండు వేల మైళ్ళ పైచిలుకు. చౌక టికెట్‌కు ఒక వైపు వెయ్యి చొప్పున పడతాయి. మావాడు ఏడాదిలో నాలుగుసార్లు వెళ్ళి వస్తే ఎనిమిది వేల చిల్లర. సభ్యుల హోదాను లెక్కగట్టే ఎలైట్ మైళ్ళు పన్నెండు నెలల్లో 25,000 వస్తే సిల్వర్ హోదా, 50,000 వస్తే గోల్డ్ హోదా. కాబట్టి ఈ లెక్కన గోల్డ్ మీద ఆశ పెట్టుకోవద్దని వాడికి సూటిగానే చెప్పాను. యూరప్‌కో అమెరికాకో తరచుగా వెళ్ళేవారికే అది అందుతుంది. నాకు రెండుసార్లు అందింది, రెండూ తనిఖీల కోసం నెలనెలా తిరిగిన సంవత్సరాలే.

భాగస్వామి సంస్థల విమానంలో వెళ్తే లెక్క మారుతుంది. టికెట్ మీద ఉండే ఒక్క ఆంగ్ల అక్షరం, అంటే బుకింగ్ తరగతి, దాన్ని నిర్ణయిస్తుంది. కొన్ని చౌక తరగతులకు అసలు మైళ్ళే రావు. కొనేముందు ఆ అక్షరం చూసుకోవడానికి రెండు నిమిషాలు చాలు.

ఏ పథకంలో చేరాలన్నదానికి నా జవాబు ఒక్కటే: మీ ఇంటివాళ్ళు ఏ దారిన వెళ్తారో చూడండి. నేను క్రిస్‌ఫ్లయర్ తీసుకోవడానికి కారణం సింగపూర్ ఎయిర్‌లైన్స్ స్టార్ అలయన్స్ అనే విమాన సంస్థల కూటమిలో ఉండటం. 1997లో ఐదు సంస్థలతో మొదలైన ఆ కూటమిలో ఎయిర్ ఇండియా 2014లో చేరింది. లుఫ్తాన్సా, థాయ్ కూడా అందులోనివే, ఈ రెండూ శంషాబాద్‌కు వస్తాయి. మీ పిల్లలు దోహా మీదుగానో లండన్ మీదుగానో అమెరికా వెళ్ళేవారైతే ఖతర్, బ్రిటిష్ ఎయిర్‌వేస్ రెండిటిలోనూ ఆవియోస్ అనే ఒకే రకం పాయింట్లు నడుస్తాయి. దుబాయ్ దారి అయితే ఎమిరేట్స్ ఏ కూటమిలోనూ లేదు, దాని స్కైవార్డ్స్ పథకం దానిదే. మూడు పథకాల్లో మూడేసి వేల మైళ్ళు పోగేసినవారిని చూశాను. ఆ మూడు వేలతో ఎక్కడా ఏమీ రాదు.

సంస్థే మూతపడితే ఎలా అని మా వదిన అడుగుతుంది. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న ఆగిపోయినా మైళ్ళ పథకం వేరే కంపెనీగా ఉన్నందువల్ల ఇంటర్‌మైల్స్ పేరుతో కొనసాగింది. విస్తారా 2024 నవంబర్ 12న ఎయిర్ ఇండియాలో కలిసినప్పుడు సభ్యుల పాయింట్లు అటు మారాయి. నన్నడిగితే భయపడాల్సింది మూతపడటం గురించి కాదు, గడువు గురించి.

నా మొదటి పథకంలో 23,000 మైళ్ళు ఉండేవి. ఆవకాయ జాడీలా మూత పెట్టి ఉంచితే ఏళ్ళు నిలవ ఉంటాయనుకున్నాను. తీరా అవి పెరుగన్నం లాంటివి. ఒకరోజు ఖాతా తెరిచి చూస్తే సున్నా. నాలుగేళ్ళ రాత్రి ప్రయాణాలు, ఆ నిద్రలేని తెల్లవారుజాములు అన్నీ కళ్ళముందు కదిలి, చాలా బాధపడ్డాను. క్రిస్‌ఫ్లయర్ మైళ్ళకు సంపాదించిన నెల నుంచి 36 నెలల గడువు. నేను ప్రతి ఉగాదికి ఖాతా తెరిచి, ఆ ఏడాది ఏవి పోతాయో చూసి, వాటిని ఎవరి ప్రయాణానికి వాడాలో అప్పుడే అనుకుంటాను.

2023లో అలా వాడినవే అమ్మ ప్రయాణానికి పనికొచ్చాయి. సింగపూర్‌లో తమ్ముడికి పాప పుట్టింది. మన మైళ్ళతో ఇతరులకు టికెట్ తీయాలంటే వారి పేరు ముందుగా నామినీగా నమోదు చేయాలి, ఐదుగురి దాకా చేర్చవచ్చు. అమ్మ పేరు అప్పటికే చేర్చి ఉంచడం మంచిదైంది. ఉచిత టికెట్ అంటే పూర్తిగా ఉచితం కాదు, పన్నులు, విమానాశ్రయ రుసుములు డబ్బుగా కట్టాలి. సీట్లు కూడా కొన్నే ఉంటాయి. సంక్రాంతికి కావాలంటే దసరా నాటికే చూసుకోవాలి.

నేనూ అమ్మతో వెళ్ళాను. రాత్రి పొద్దుపోయాక బయలుదేరే విమానం. మూడు గంటలు ముందుండాలని జేఎన్‌టీయూ దగ్గర పుష్పక్ బస్సు ఎక్కి సాయంత్రమే శంషాబాద్ చేరుకున్నాం. అమ్మకు మోకాళ్ళ నొప్పి, పైగా షుగరు. వేళకు తిని మాత్ర వేసుకోవాలి. ఇమ్మిగ్రేషన్ దాటాక లాంజ్‌కు తీసుకువెళ్ళాను. ఆ ఏడాది నాకు గోల్డ్ ఉంది, స్టార్ అలయన్స్ గోల్డ్ సభ్యులు తమతోపాటు ప్రయాణించే ఒకరిని లోపలికి తీసుకువెళ్ళవచ్చు. అమ్మ మొదట తలుపు దగ్గరే ఆగింది. "ఇదంతా మనకెందుకమ్మా, డబ్బులు అడుగుతారేమో" అని నా చెయ్యి పట్టుకుంది. లోపల మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి, వేడి ఇడ్లీ, కాస్త పెరుగన్నం తెచ్చి ఇచ్చాను. నిదానంగా తిని, మాత్ర వేసుకుని, చెప్పులు విడిచి కాళ్ళు పైకి మడుచుకుని కూర్చుంది. బయట ఇనుప కుర్చీల్లో మూడు గంటలు కూర్చోబెట్టి ఉంటే విమానం ఎక్కేసరికే డీలాపడేది. పెద్దవాళ్ళతో, పసిపిల్లలతో వెళ్ళేవారికి లాంజ్ ఎంత మేలో నాకు ఆ రోజు తెలిసింది.

లాంజ్‌లోకి వెళ్ళే ముఖ్యమైన దారులు మూడు: బిజినెస్ తరగతి టికెట్, గోల్డ్ వంటి హోదా, లేదా క్రెడిట్ కార్డు. సిల్వర్ హోదాకు లాంజ్ రాదు, కొత్తవారు ఇక్కడే పొరబడతారు. కార్డు దారిలో నాకు ఒక చేదు అనుభవం ఉంది. నాలుగేళ్ళు వాడిన కార్డు ఒకరోజు యంత్రంలో పెడితే పనిచేయలేదు. గత మూడు నెలల్లో ఇంత ఖర్చు పెడితేనే లాంజ్ అని బ్యాంకు నిబంధన మార్చింది, ఆ కబురు వచ్చిన ఈమెయిల్ నేను తెరవలేదు. అప్పటి నుంచి ప్రయాణానికి వారం ముందే బ్యాంకు యాప్‌లో ఎన్ని ప్రవేశాలు మిగిలాయో చూస్తున్నాను. కార్డు మీది పేరు, బోర్డింగ్ పాస్ మీది పేరు ఒకటే ఉండాలి, ఇంటిపేరు సంగతి ఇక్కడా వస్తుంది. భర్త కార్డుతో భార్య ఒంటరిగా వెళ్ళడం కుదరదు. అతిథికి చాలా కార్డుల మీద విడిగా డబ్బు పడుతుంది. సాధారణంగా విమానానికి మూడు గంటల ముందు నుంచే లోపలికి రానిస్తారు. లోపల చాలాచోట్ల విమానం పిలుపు వినిపించదు, సమయం మనమే చూసుకోవాలి.

లాంజ్ కోసమే వార్షిక రుసుమున్న కార్డు తీసుకోవడం నాకు నచ్చదు. రుసుము మీద 18 శాతం జీఎస్టీ కూడా ఉంటుంది. ఏడాదికి రెండుసార్లు ఢిల్లీ వెళ్ళి వచ్చేవారు ఆ డబ్బుతో కడుపునిండా తిని హాయిగా కూర్చోవచ్చు. సోమవారం ఉదయం దేశీయ విమానాల వేళైతే లాంజ్ ముందు వరస చూసి నేనే వెనుదిరుగుతున్నాను, అరగంట నిలబడి ఇరవై నిమిషాలు కూర్చోవడం ఎందుకని.

మావాడు నిన్న రాత్రి తన సభ్యత్వ పేజీ ఫోటో పంపాడు. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, రెండు గడుల్లోనూ సరిగ్గా ఉంది. వాళ్ళ అమ్మ పేరు నామినీగా చేర్చమన్నాను. "అమ్మకు ఇంకా పాస్‌పోర్టే లేదత్తా" అన్నాడు. బేగంపేట పాస్‌పోర్టు సేవా కేంద్రంలో ఈ నెలలోనే తేదీ తీసుకోమని, దరఖాస్తులో ఇంటిపేరు పొడి అక్షరంతో సరిపెట్టకుండా పూర్తిగా రాయమని చెప్పాను. పంపేముందు నాకు చూపిస్తానన్నాడు.